మెర్షియా అన్న పేరు ఎవరు పెట్టారు? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండు పాత చరిత్ర చదివేవాళ్ళకు మెర్షియా దగ్గర తికమక మొదలవుతుంది. ఒకచోట మెర్షియా అని ఉంటుంది, ఇంకోచోట మియెర్చె, మరోచోట మ్యుర్చె. ఎవరో వచ్చి "సౌత్‌హంబ్రియన్లు అన్నా వీళ్ళే" అంటారు. రాజు తన దానపత్రంలో తన గురించి ఇంకేదో రాసుకుంటాడు. ఈ పేర్ల మీద నన్ను మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. "పాత ఇంగ్లీషు" అని రాసిన ప్రతిచోటా సుమారు 1100కి ముందున్న భాష అని అర్థం. అది ఈనాటి ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు కూడా నేర్చుకుంటే తప్ప అర్థం కాదు.

ముందు ఇది చెప్పండి, మెర్షియా ఎక్కడుంది?

ఇంగ్లండు నడిబొడ్డున. ట్రెంట్ నది, దాని ఉపనది టేమ్ పారే ప్రాంతం దీనికి పుట్టిల్లు. టామ్‌వర్త్‌లో రాజుల నివాసం, లిచ్‌ఫీల్డ్‌లో బిషప్పు పీఠం, రెప్టన్‌లో రాజుల సమాధులు. ఇప్పటి బర్మింగ్‌హామ్ కూడా ఆ నేల మీదే ఉంది. 7వ శతాబ్దంలో పెండా అనే రాజు దీన్ని పెద్ద శక్తిగా నిలబెట్టాడు. 8వ శతాబ్దంలో ఎథెల్‌బాల్డ్ (716–757), ఆఫా (757–796) కాలంలో దక్షిణ ఇంగ్లండంతా వీళ్ళ మాట విన్నది. 825లో దక్షిణాన ఉన్న వెసెక్స్ రాజ్యం చేతిలో ఓడిపోయింది, 877లో తూర్పు సగం స్కాండినేవియా నుంచి వచ్చిన డేన్లు పంచుకున్నారు, 918 చివరికల్లా మిగిలింది వెసెక్స్‌లో కలిసింది.

అక్కడి జనం తమ రాజ్యాన్ని 'మెర్షియా' అనేవాళ్ళా?

అనేవాళ్ళు కాదు. అది లాటిన్ రూపం. పాత ఇంగ్లీషులో ఉన్నది 'మెర్చె' లేదా 'మియెర్చె'. అది దేశం పేరు కాదు, జనం పేరు. అదీ బహువచనం. రాజ్యం అని ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తే 'మియెర్చ్న రీచె' అనేవాళ్ళు, అంటే మెర్షియన్ల రాజ్యం. నేల గురించి చెప్పాలంటే 'మ్యుర్చ్న లాండ్', మెర్షియన్ల నేల. రెండింట్లోనూ ముందు జనం, తర్వాతే భూమి. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా చిక్కులు సగం వాటంతటవే విడిపోతాయి.

ఆ పేరుకు అర్థం?

సరిహద్దువాళ్ళు. పాత ఇంగ్లీషులో 'మెఅర్క్' అంటే పొలిమేర, హద్దు. దానికి జనాన్ని సూచించే ప్రత్యయం చేరితే, ఆ ప్రత్యయంలోని 'ఇ' శబ్దం ముందున్న అచ్చును తనవైపు లాక్కుంది. అందుకే 'మెఅర్క్' కాస్తా 'మియెర్చె' అయింది. చివర 'క' శబ్దం 'చ'గా మెత్తబడింది కూడా. తెలుగులో 'కెయి' చెయ్యి అయినట్టు, 'కెవి' చెవి అయినట్టే అనుకోండి. ఇ, ఎ లాంటి తాలవ్యాచ్చుల పక్కన కకారం మెత్తబడటం చాలా భాషల్లో కనిపిస్తుంది.

సరిహద్దు అంటే ఎవరితో? ఆఫా కట్టించిన కట్టేనా అది?

చాలామంది అలాగే అనుకుంటారు, కానీ కాలం కుదరదు. వేల్స్ పక్కన ఆఫా కట్టించిన మట్టికట్ట 8వ శతాబ్దపుది. 'మెర్చె' అన్న పేరు 7వ శతాబ్దానికే స్థిరపడిపోయింది. పేరు పుట్టాక వందేళ్ళు దాటిన తర్వాత వచ్చిన కట్ట ఆ పేరుకు కారణం కాలేదు.

ఎక్కువమంది పండితులు ఒప్పుకునేది ఇది: తూర్పు నుంచి వచ్చి స్థిరపడిన ఆంగిల్స్‌కూ (ఇంగ్లీషువాళ్ళ పూర్వీకుల్లో ఒక తెగ), అంతకుముందు నుంచీ ఉన్న పడమటి బ్రిటన్లకూ మధ్య ట్రెంట్ ఎగువ ప్రాంతం హద్దుగా ఉన్న రోజుల్లో, ఆ హద్దు మీద కాపురమున్నవాళ్ళకు ఈ పేరు వచ్చింది. కాదు, ఉత్తరాన నార్తంబ్రియాతో ఉన్న హద్దువల్ల వచ్చిందన్న వాదం కూడా ఉంది. నాకు మొదటిదే సబబుగా తోస్తుంది. ఎవరు పెట్టారన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సగం జవాబుంది. నడిమధ్య ఉన్నవాడు తనను తాను "అంచున ఉన్నవాణ్ణి" అనుకోడు. అది లోపలివైపు నుంచి చూసేవాళ్ళ మాట.

జనం పేరే దేశం పేరైతే, "మెర్షియాలో" అని ఎలా చెప్పేవాళ్ళు?

'ఆన్ మియెర్చుమ్'. మాటకు మాట అర్థం చూస్తే "మెర్షియన్లలో". సంస్కృతం చదువుకున్నవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. 'అంగేషు', 'కళింగేషు' అంటే అంగదేశంలో, కళింగదేశంలో అనే కదా, కానీ అక్కడున్నది జనవాచకానికి సప్తమీ బహువచనం. పాణిని దీనికి 'జనపదే లుప్' అని సూత్రమే చేశాడు. ఐతరేయ బ్రాహ్మణంలో 'అంధ్రాః' అన్నదీ మొదట జనమే, దేశం తర్వాత వచ్చింది.

పాత ఇంగ్లీషులో ఈ ప్రయోగం దగ్గరగా చూడాలంటే మాల్డన్ యుద్ధం మీద వచ్చిన పద్యం చూడాలి. 991లో ఎసెక్స్ తీరాన వైకింగులతో పోరు. నాయకుడు పడిపోయాడు. కొందరు పారిపోయారు. అప్పుడు ఎల్ఫ్‌వినె అనే యువకుడు నిలబడి తన వంశం చాటుకుంటాడు: 'ఇచ్ వేస్ ఆన్ మ్యుర్కొన్ మిచ్చ్లెస్ కున్నెస్'. ఈ వాక్యం తెలుగులోకి తెస్తుంటే చెయ్యి ఆగదు: "నేను మెర్షియన్లలో పెద్ద వంశంవాణ్ణి." మనవాళ్ళు "ఫలానావాళ్ళలో పెద్దింటివాడు" అన్నట్టే ఉంది. "మెర్షియా దేశంలో" అని అనువదిస్తే ఆ గర్వం పోతుంది. ఇంకో సంగతి గమనించండి. అప్పటికి మెర్షియా రాజ్యం లేకుండా పోయి డెబ్భై ఏళ్ళు దాటింది. చావు ఎదురుగా ఉండగా ఒక మనిషి చెప్పుకున్నది లేని రాజ్యం పేరు కాదు, ఉన్న జనం పేరు.

ఒక్క మనిషిని ఏమనేవాళ్ళు?

'మియెర్చె' బహువచనంలోనే ఉంటుంది. ఒక్కడి గురించి చెప్పాలంటే విశేషణం వాడి మెర్షియన్ మనిషి అనాలి, లేదంటే ఎల్ఫ్‌వినెలా "మెర్షియన్లలో" అనాలి.

మరి 'మెర్షియా' ఎప్పుడు వచ్చింది?

లాటిన్‌లో రాసే మఠాలవాళ్ళ చేతుల్లో. 731లో తన చరిత్ర ముగించిన బీడ్ కూడా ఎక్కువగా 'మెర్షియన్ల జాతి', 'మెర్షియన్ల రాజు' అనే జనవాచకంతోనే రాశాడు. ఆయన నార్తంబ్రియా మఠవాసి, అంటే మెర్షియాకు శత్రుపక్షంవాడు.

దేశవాచకంగా స్పష్టంగా కనిపించే చోటు ఒకటి చెప్తాను. 893లో వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ చరిత్ర రాసిన ఆసర్ అనే వేల్స్ బిషప్పు, ఆఫా అనే రాజు "బ్రిటానియాకూ మెర్షియాకూ మధ్య సముద్రం నుంచి సముద్రం దాకా" పెద్ద కట్ట కట్టించాడని రాశాడు. ఇక్కడ మెర్షియా కంటే బ్రిటానియా సరదాగా ఉంటుంది. ఆయన దృష్టిలో బ్రిటానియా అంటే ద్వీపమంతా కాదు, వేల్స్ మాత్రమే! బ్రిటన్లు మిగిలింది అక్కడే కాబట్టి.

మియెర్చె, మెర్చె, మ్యుర్చె... ఇన్ని రూపాలెందుకు? ఏది సరైనది?

అన్నీ సరైనవే, ఒక్కోటి ఒక్కో ప్రాంతపు యాస. 'మియెర్చె' తొలినాటి వెసెక్స్ యాస. అదే తర్వాతి కాలంలో 'మ్యుర్చె' అయింది (పెదవులు సున్నా చుట్టి 'ఇ' అంటే ఎలా ఉంటుందో అది ఆ అచ్చు). 'మెర్చె' ఆంగిల్స్ యాస, అంటే మెర్షియన్ల సొంత నోటిమాట. లాటిన్ 'మెర్సియి'లో ఎకారం ఉండటానికి కారణం ఇదే.

తమాషా ఏమిటంటే, నిఘంటువుల్లో, పాఠ్యపుస్తకాల్లో ముందు కనిపించేది వెసెక్స్ రూపమే. మిగిలిన పాత ఇంగ్లీషు రాతల్లో ఎక్కువ భాగం వెసెక్స్ యాసలో ఉండటమే దీనికి కారణం. మెర్షియన్లు తమ చరిత్ర తాము రాసుకున్నది చాలా కొంచెం దొరికింది. 902 నుంచి 924 వరకు ఉన్న చిన్న వృత్తాంతం ఒకటి ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ (ఏ ఏడాదికా ఏడాది సంగతులు పాత ఇంగ్లీషులో రాసిన చరిత్ర) ప్రతుల్లో చొప్పించి ఉంది. మిగతాదంతా పొరుగువాళ్ళ కలం. 874లో డేన్ల అండతో గద్దెనెక్కిన రెండో చెయోల్‌వుల్ఫ్‌ను వెసెక్స్ క్రానికల్ "తెలివితక్కువ రాజసేవకుడు" అని తీసిపారేసింది. 2015లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని వాట్లింగ్టన్ దగ్గర దొరికిన నిధిలో చూస్తే, ఆల్ఫ్రెడ్, ఈ 'తెలివితక్కువవాడు' ఇద్దరూ ఒకే నమూనా నాణేలు వేయించారు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు చక్రవర్తుల బొమ్మ ఉన్న నాణేలవి.

భాషలో మాత్రం మెర్షియన్లే గెలిచారు. నేటి ఇంగ్లీషులో 'ఓల్డ్' అన్న మాట వెసెక్స్ 'ఎఆల్డ్' నుంచి రాలేదు, ఆంగిల్స్ 'ఆల్డ్' నుంచి వచ్చింది.

రాజులు తమను తాము ఏమని రాసుకున్నారు?

అది ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి మారేది. 736లో ఎథెల్‌బాల్డ్ ఇచ్చిన ఇస్మియర్ దానపత్రం ఒకటి అసలు తోలుపత్రమే మిగిలింది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కిడర్‌మిన్‌స్టర్ దగ్గర స్టౌర్ నది ఒడ్డున మఠం కట్టుకోవడానికి 10 హైడ్‌ల భూమి ఇచ్చాడు. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపడే నేల అని లెక్క. మన శాసనాల్లో పుట్టెడు నేల అంటే పుట్టి విత్తనాలు పట్టే నేల అయినట్టు, కొలబద్దతో కాక బతుకుతో కొలిచే కొలత.

ఆ ఒక్క పత్రంలోనే మూడు బిరుదులున్నాయి. మొదట్లో "మెర్షియన్లకే కాదు, దక్షిణ ఆంగిల్స్ అని పిలిచే రాష్ట్రాలన్నిటికీ రాజు". చివర సాక్షుల వరుసలో ఏకంగా "బ్రిటన్ రాజు". వెనకవైపు చూస్తే "దక్షిణ ఆంగిల్స్ రాజు". ఇచ్చింది పదే హైడ్‌లు, పెట్టుకున్నవి మాత్రం మూడు కిరీటాలు.

ఆఫా ఇంత డాబుసరి చూపించలేదు. ఆయన వెండి పెన్నీల మీద పేరు, 'రెక్స్' అన్న లాటిన్ మాట, మెర్షియన్లకు గుర్తుగా చాలాసార్లు ఒక్క 'ఎమ్' అక్షరం. కానీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆయన బంగారు నాణెం చూస్తే కళ్ళు నిలిచిపోతాయి. అది బాగ్దాద్ ఖలీఫా అల్ మన్సూర్ దీనారుకు నకలు. హిజ్రీ 157 సంవత్సరం, అంటే 773–774. అల్లా తప్ప మరో దేవుడు లేడన్న అరబ్బీ వాక్యం అలాగే ఉంది. దాని మధ్యలో 'ఆఫా రెక్స్' అని లాటిన్‌లో, అదీ అరబ్బీ రాతకు తలకిందులుగా. అచ్చు చెక్కినవాడికి అరబ్బీ ఏది పైనో ఏది కిందో తెలియలేదన్నమాట. మెర్షియా పేరు మాత్రం ఆ నాణెం మీద లేదు.

సౌత్‌హంబ్రియన్లు అంటే ఎవరు?

మెర్షియన్లే, ఉత్తరాదివాళ్ళు పిలిచినప్పుడు. హంబర్ నదీముఖానికి ఉత్తరాన ఉన్నవాళ్ళు నార్తంబ్రియన్లు, కాబట్టి దక్షిణాన ఉన్నవాళ్ళు 'సూథన్‌హ్యుంబ్రె'. 697లో ఓస్త్రిథ్ అనే రాణి హత్య జరిగింది. ఆమె మెర్షియా రాజు భార్య, నార్తంబ్రియా రాజు చెల్లెలు. ఆమెను మెర్షియన్ల పెద్దలే చంపారని బీడ్ రాస్తే, క్రానికల్ ఉత్తరాది ప్రతి "సూథన్‌హ్యుంబ్రె చంపారు" అంటుంది. నేరం ఒకటే, నేరస్థులూ ఒకరే, పేర్లు రెండు. దిక్కులతో పెట్టిన పేరు పిలిచేవాడి చిరునామా చెప్తుంది. తమిళులు ఒకప్పుడు మనల్ని వడుగర్లు, అంటే ఉత్తరాదివాళ్ళు అన్నారు. మనం ఎవరికి ఉత్తరమో వాళ్ళకే ఆ పేరు.

మెర్షియన్లంతా ఒకే జనమా?

కాదు. 'ట్రైబల్ హైడేజ్' అని పిలిచే పాత భూముల జాబితా ఒకటుంది. 11వ శతాబ్దపు ప్రతిలో మిగిలినా, లెక్కలు అంతకంటే చాలా పాతవి. దాని మొదటి వాక్యం ఇది: "మెర్షియన్ల నేల 30,000 హైడ్‌లు, మొదట మెర్షియన్లని పిలిచిన చోట." ఆ 'మొదట' అన్న మాట చూశారా? ఆ గుమాస్తాకు కూడా పేరు సాగిపోయిందని తెలుసు.

ఆ పేరు కిందికి తర్వాత చేరినవాళ్ళు చాలామంది. వూస్టర్ వైపు హ్విచ్చెలు, హెరెఫర్డ్ వైపు మాగొన్‌సేటెలు, రీకిన్ కొండ దగ్గర వ్రెయోకెన్‌సేటెలు, పీక్ కొండల్లో 1,200 హైడ్‌ల పేక్‌సేటెలు. 'సేటె' అంటే కుదురుకున్నవాళ్ళు. సోమర్సెట్, డోర్సెట్ పేర్ల చివర ఉన్నదీ అదే. హ్విచ్చెల పేరు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని విచ్‌వుడ్ అడవిలో దాక్కుంది. బీడ్ మెర్షియన్లనే రెండుగా చీల్చాడు: ట్రెంట్‌కు ఉత్తరాన 7,000 కుటుంబాల నేల, దక్షిణాన 5,000.

మిగతా రాజ్యాల పేర్లూ ఇలాంటివేనా?

దాదాపు అన్నీ. వెసెక్స్ అంటే పశ్చిమ శాక్సన్లు, ససెక్స్ దక్షిణ శాక్సన్లు, ఎసెక్స్ తూర్పు శాక్సన్లు, ఈస్ట్ ఆంగ్లియా తూర్పు ఆంగిల్స్. పశ్చిమ శాక్సన్లకు అంతకుముందు 'గెవిస్సె' అన్న పేరుండేదని బీడ్ అంటాడు. తేడా బాగా కనిపించేది కెంట్ దగ్గర. అది ఇంగ్లీషువాళ్ళు రాకముందే, సీజర్ నాటికే ఉన్న నేల పేరు. అందుకే అక్కడ వరస తిరగబడింది: నేల పేరు నుంచి జనం పేరు, 'కాంత్‌వారె', కెంటువాసులు.

మెర్షియన్లు ఆంగిల్సా, శాక్సన్లా?

ఆంగిల్స్. అయితే వేల్స్, ఐర్లండ్ జనానికి ఈ పట్టింపు లేదు. వాళ్ళకు ఇంగ్లీషువాళ్ళంతా శాక్సన్లే.

'ఆంగ్లో-శాక్సన్' అన్న జంటపేరు వెనక కూడా మెర్షియా ఉంది. 880ల్లో పడమటి మెర్షియా ఆల్ఫ్రెడ్ పెద్దరికం ఒప్పుకున్నాక, ఆయన వట్టి శాక్సన్ల రాజు కాకుండా పోయాడు. ఆసర్ ఆయన్ను "ఆంగిల్-శాక్సన్ల రాజు" అని పిలిచాడు. ఆ ముందు సగం మెర్షియన్లదే.

ఎథెల్‌ఫ్లెడ్‌ను రాణి అనకుండా 'లేడీ' అని ఎందుకంటారు?

ఆమె ఆల్ఫ్రెడ్ కూతురు, మెర్షియన్ల అధిపతి ఎథెల్‌రెడ్ భార్య. భర్త పోయాక 911 నుంచి తానే ఏలింది, కోటలు కట్టించింది, డేన్ల నుంచి డర్బీ గెలిచింది. మెర్షియన్ల వృత్తాంతం ఆమెను 'మ్యుర్చ్న హ్లేఫ్‌దియె' అంటుంది. ఆ మాటే నేటి 'లేడీ'. దాని మూలార్థం రొట్టెపిండి పిసికేది, 'లార్డ్' మూలార్థం రొట్టె కాపాడేవాడు. రాజు, రాణి అన్న మాటలు తప్పించడంలో వెసెక్స్ జాగ్రత్త కనిపిస్తుంది. వెసెక్స్‌లో రాజు భార్యను కూడా రాణి అననివ్వరని ఆసరే రాశాడు. బయటివాళ్ళకు ఆ మొహమాటం లేదు. 918 జూన్ 12న ఆమె టామ్‌వర్త్‌లో చనిపోతే, ఐర్లండులోని అల్‌స్టర్ వార్షికలు "శాక్సన్ల సుప్రసిద్ధ రాణి" అని రాశాయి. కూతురు ఎల్ఫ్‌విన్‌ను ఆ చలికాలమే అధికారం తీసేసి వెసెక్స్‌కు పట్టుకుపోయారు.

మార్సియా అనే రాణి పేరు మీద మెర్షియా వచ్చిందని చదివాను, నిజమేనా?

కట్టుకథ. 12వ శతాబ్దంలో మెర్షియా ప్రాంతపు చట్టాన్ని 'మెర్చెనెలాగె' అనేవాళ్ళు. ఆ పేరు పట్టుకుని జెఫ్రీ ఆఫ్ మాన్‌మత్ అనే రచయిత, ప్రాచీన బ్రిటన్‌లో మార్సియా అనే విదుషీమణి రాణిగా ఉండేదనీ, ఆమె రాసిన చట్టాన్ని ఆల్ఫ్రెడ్ అనువదించాడనీ అల్లాడు. ఇంగ్లీషువాళ్ళ చట్టం కూడా బ్రిటన్ల నుంచి వచ్చిందే అనిపించడం ఆయన పని. ఊరి పేరు తెలియకపోతే ఒక మునిని తపస్సుకు కూర్చోబెట్టే స్థలపురాణాలు మనకూ తెలుసు.

రాజ్యం పోయాక పేరేమైంది?

1017లో ఇంగ్లండును గెలిచిన డేన్ల రాజు క్నూట్ దేశాన్ని నాలుగు చేసినప్పుడు మెర్షియా ఒక భాగం. తర్వాత అది ఎర్ల్ పదవి, అంటే రాజు కింద ఒక ప్రాంతాన్ని ఏలే ప్రభువు పదవి. గొడైవా భర్త లెయోఫ్రిక్ దానికి ఎర్ల్. 1071లో చివరి ఎర్ల్ ఎడ్విన్ హతుడవడంతో అదీ అయిపోయింది. 13వ శతాబ్దం చివర రాబర్ట్ ఆఫ్ గ్లౌస్టర్ తన పద్య చరిత్రలో దీన్ని 'మార్చ్' అన్నాడు. జనం పేరు మరుగునపడి, దాని వెనకున్న హద్దు మళ్ళీ పైకొచ్చింది. ఇప్పుడు 1967 నుంచి వెస్ట్ మెర్షియా పోలీసు శాఖ ఉంది, 2007 నుంచి సైన్యంలో మెర్షియన్ రెజిమెంట్ ఉంది. రెండూ వాడేది లాటిన్ రూపమే.

ఈ 'హద్దు' మాటకు మనతో ఏమైనా సంబంధం ఉందా?

పేరుకు లేదు, దాని చుట్టానికి ఉంది. సరిహద్దు ప్రాంతాన్ని కాచే ప్రభువు బిరుదు నుంచి వచ్చిందే 'మార్క్వెస్'. మూలం అదే జర్మానిక్ ధాతువు. 1799లో ఆ బిరుదు పొందిన గవర్నర్ జనరల్ వెల్లస్లీ హయాంలోనే, 1800లో నిజాం నుంచి రాయలసీమ జిల్లాలు కంపెనీకి దత్తమయ్యాయి.

తెలుగులో రాసేటప్పుడు ఏ రూపం వాడాలి?

మెర్సియా, మెర్షియా రెండూ ఇంగ్లీషు ఉచ్చారణకు దగ్గరే. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయండి. పాత ఇంగ్లీషు వాక్యం అనువదిస్తుంటే మాత్రం, మూలంలో జనం ఉన్నచోట "మెర్షియన్లు" అనే రాయండి, "మెర్షియా" అని మార్చకండి. ఎథెల్‌ఫ్లెడ్ "మెర్షియా రాణి" కాదు, "మెర్షియన్ల దొరసాని". ఈ 'దొరసాని' అన్న మాటకు కొందరు ముఖం చిట్లిస్తారు గానీ, రాణి అనకుండా ఏలినామె అని చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి మాట దొరకలేదు.